సెయింట్ నికొలా కుడి చెవి

మా ఊరు వెర్జెల్‌ని సోన్ నది రెండుగా చీల్చింది. తూర్పు ఒడ్డుకి కోట బురుజు, మేయరు ఆఫీసు, గడియార స్తంభం దక్కాయి. పడమటి ఒడ్డున మాకు పాడుబడ్డ తోళ్ళ షెడ్లు, వరద గుర్తులు చెక్కిన రేవు గోడ, కాస్త వాసన మిగిలాయి. ఆ స్తంభానికి మూడు వైపులే గడియారాలు, మా వైపు ఉత్త గోడ. కోటవాళ్ళ టైము మాకెందుకని మా ముత్తాతలే వద్దన్నారట. ఇప్పటికీ పెళ్ళిళ్ళకి ఆలస్యంగా వెళ్ళి ఆ గోడని తిట్టుకుంటాం.

ఇంత పంతాల ఊరికి పడవవాళ్ళని కాచే సెయింట్ నికొలా ఒక్కడే. జూలైలో పడవ పోటీ గెలిచిన ఒడ్డునే ఏడాదంతా ఆయన చెక్క బొమ్మ ఉంటుంది. రెండు పడవలు ఎదురెదురుగా దూసుకొస్తాయి. వెనక ఎత్తు పలకల మీద నిలబడ్డవాళ్ళు రొమ్ముకి డాలు కట్టుకుని బల్లేలతో ఒకరినొకరు నెట్టుకుంటారు. నీళ్ళలో పడ్డవాడి ఒడ్డు ఓడినట్టు. ఓడటంలో మాది అందెవేసిన చెయ్యి.

మా అమ్మమ్మ ఒనొరీన్ మాత్రం బొమ్మ అవతలి ఒడ్డున ఉందని పట్టించుకునేది కాదు. రోజూ వంతెన దాటి వెళ్ళి స్వామిని తిట్టి వచ్చేది. తాతయ్య లెయోన్ ఇసుక పడవ మీద వెళ్ళి తిరిగి రాలేదు. ఎందుకు కాపాడలేదని స్వామిని నిలదీస్తేనే గానీ ఆవిడకి కాఫీ గొంతు దిగదు. ఈ వసంతంలో తుంటి ఎముక విరిగి, రేవూ వంతెనా కనిపించే కిటికీ పక్క మంచానికే పరిమితమైంది. తిట్టే దిక్కులేక చిక్కిపోతోంది. నాకు ఏడుపొచ్చేది.

"సొలేన్, ఈసారి గెలిచి రండే. వాణ్ణి మన రేవు గోడ గూట్లో పెట్టండి, ఇక్కణ్ణించే కడిగేస్తాను" అంది.

గెలుస్తామని మాటిచ్చాను. నేను తెడ్డు వేసేదాన్నే, బల్లెం మా తాపీమేస్త్రీ బాతిస్తాన్‌ది. తీరా పోటీ రోజు పొద్దున్నే అతను పళ్ళెం నిండా నత్తలు లాగించి కడుపు పట్టుకుని పడుకున్నాడు. పడవలో అందరూ ఎవరి బూట్లు వాళ్ళు చూసుకుంటున్నారు. ఇక నేనే పలకెక్కాను.

అవతలి పలక మీద మాంసం కొట్టు ఫుల్బెర్. మనిషి కోట బురుజుకి తమ్ముడిలా ఉంటాడు.

"అమ్మాయ్, మెల్లగా నెడతాలే, భయపడకు" అన్నాడు.

ఆ జాలికి నాకు ఒళ్ళు మండింది. బ్యాండు మోగింది, పడవలు దూసుకొచ్చాయి. ఉన్న బలమంతా పెట్టి నెట్టాను. గోడని నెట్టినట్టే ఉంది. నా కాళ్ళు లేచిపోయాయి, నేను వెనక్కి పడ్డాను. అయితే అంత భారాన్నీ నా మీదే ఆన్చిన ఫుల్బెర్‌కి ఆన్చడానికి ఉన్నట్టుండి ఎవరూ లేకుండా పోయారు. అతనూ ముందుకి బోర్లా వచ్చి నా పక్కనే పడ్డాడు. ఆ అలకి బ్యాండువాళ్ళు కూడా తడిశారు.

నీళ్ళలో ఇద్దరం పగలబడి నవ్వుతున్నాం. ఒడ్డున మాత్రం ఎవరు ముందు తడిశారని రెండు ఊళ్ళ పెట్టు గొడవ. చివరికి తీర్పరి, రిటైరైన టీచరమ్మ, పాత ఆచారం బయటికి తీసింది. ఇద్దరూ పడితే స్వామి వంతెన నడిమధ్యన నిలబడాలట. సరే, మొహం ఎటు? మావైపు తిప్పితే కోటవాళ్ళకి వీపు, అటు తిప్పితే మాకు వీపు. మళ్ళీ గొడవ. ఆఖరికి నది పారే వైపు, దక్షిణానికి తిప్పి నిలబెట్టారు.

అమ్మమ్మకి మొహం దక్కలేదు. నీళ్ళోడుతూ మేడెక్కి, ఓడిపోలేదు గానీ గెలవలేదని, స్వామి ఇటు చూడడం లేదని చెప్పాను.

"మనవైపు ఏముంది?" అంది.

"కుడి చెవి."

"వాడి మొహం నాకెందుకే? చెవి చాలు. ఆ కిటికీ తెరువు."

తెరిచాను. అమ్మమ్మ దిండు మీద మోచేతులాన్చి, వంతెన మీద జనమంతా తిరిగి చూసేలా గొంతెత్తింది.

"నికొలా, ఇవాళ నా మనవరాలు నీ నీళ్ళలో పడింది. తిరిగి ఇచ్చావు, అది సరే. ఇప్పుడు మా లెయోన్ సంగతి చెప్పు."