వీరసామి తినని పొడి

మొగుడి కోసం చేసే తెల్లగడ్డ పొడిలో ఆ ఆదివారం గాంధిమతి ఎలుకల మందు కలిపింది. చెయ్యి వణకలేదు. కోవిల్‌పట్టిలో అందరూ తీప్పెట్టి ఆపీసు అని పిలిచే అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో పెళ్ళికి ముందు నుంచీ పుల్లలు సర్దుతున్న చెయ్యి అది. పొడిని డబ్బాలో అదిమి, మూత బిగించి, వీరసామి సంచిలో తనే పెట్టింది.

వీరసామి విరుదునగర్‌లో మిరపకాయల మండీలో పని చేస్తాడు. సోమవారం పొద్దున బస్సెక్కితే శనివారానికి ఇల్లు చేరతాడు. మధ్యలో మకాం మండీలోనే అని చెబుతాడు. బీడీ ముట్టడు, గొంతు పెంచడు. అట్లాంటి మగవాళ్ళ మీద ఊరికి ఉండే నమ్మకం ఇంతా అంతా కాదు. గాంధిమతికీ ఉండేది. పోయిన నెల అతను మరిచిపోయిన కళ్ళజోడు ఇద్దామని బస్టాండుకు పరిగెత్తేదాకా ఉండేది. అతను స్తంభం చాటున నిలబడి ఫోనులో మాట్లాడుతున్నాడు.

"తింటివా? నేనొచ్చేదంకా ఆకలితో ఉండొద్దు బంగారూ."

అది తెలుగు. వాళ్ళ తెలుగు ఇంటి గడప దాటదు. వీధిలో, బస్సులో, మండీలో అంతా తమిళమే. వీరసామి అయితే నలుగురూ నవ్వుతారని బజార్లో పెళ్ళాంతో కూడా తమిళమే మాట్లాడతాడు. అత్త పోయింది, పిల్లలు లేరు. అతను తెలుగులో పలకరించే మనిషి లోకంలో తనొక్కతే అనుకుంది గాంధిమతి. బంగారూ అన్న మాటకంటే అది తెలుగులో అనడమే ఆమెను ఎక్కువ కాల్చింది. మరుసటి వారం సెలవు పెట్టి విరుదునగర్ పోయింది. మండీ దగ్గర కాచుకుని, సాయంత్రం అతని వెనకే నడిచి, నూనె మిల్లు వెనక సందులో అతను చెప్పులు విడిచిన గుమ్మం చూసి వచ్చింది. లోపల ఒక పడుచు గొంతు నవ్వింది.

పంచాయితీ పెడదామా అని ఆలోచించింది. పెడితే ఏమవుతుంది? పెద్దలు అతన్ని కాసేపు తిట్టి, సర్దుకుపొమ్మని ఆమెకే చెబుతారు. తన చేతి కూడు తింటూ ఇంకొకరిని బంగారూ అన్నవాడు ఆ కూటితోనే పోవాలి. అంత కసి పుట్టింది ఆమెకు.

సోమవారం సాయంత్రం ఫోను చేసింది. "పొడి తింటిరా?"

"తింటినే. నీ పొడి లేకుంటే నాకు ముద్ద దిగుతుందా?"

మంగళవారం మధ్యాహ్నం మళ్ళీ చేసింది. "ఇప్పుడుదా తింటిని, శానా బాగుండాది" అన్నాడు. గొంతులో ఏ నలతా లేదు.

గాంధిమతికి మొదట నవ్వొచ్చింది. తిన్నానంటున్నాడు, బతికే ఉన్నాడు. అంటే తినలేదు. ఇన్నాళ్ళూ తినే ఉండడు. అంతలోనే నవ్వు ఆగిపోయింది. వారం వారం డబ్బా ఖాళీగానే తిరిగొస్తోంది కదా, మరి తింటున్నదెవరు?

ఆ నవ్విన పిల్ల ఏడవాలని కోరుకుంది గానీ చావాలని ఆమె ఏనాడూ కోరుకోలేదు. పని మధ్యలో లేచి, మేస్త్రీ అరుస్తున్నా వినిపించుకోకుండా బస్టాండుకు పోయింది. దారిలో సాత్తూరు దాటేదాకా మారియమ్మకు మొక్కుతూనే ఉంది. ఏమని మొక్కాలో మాత్రం తెలియలేదు.

తలుపు తీసిన పిల్లకు పాతికేళ్ళు కూడా ఉండవు. బతికే ఉంది. మెడలో తాళి, పసుపుతాడు ఇంకా కొత్తగానే ఉంది. గాంధిమతిని చూడగానే ఆమె ముఖం విప్పారింది.

"వదినె! కోవిల్‌పట్టి వదినె కదా మీరు? ఆయన పోటో చూపించినారు. నేను జోతి. లోపలికి రాండి."

వదిన. అంటే తను అతనికి అక్క. ఈ పిల్లకు తాళి కట్టడానికి వీరసామి పెళ్ళాన్ని అక్కను చేసేశాడు. ఎంత సులువుగా చేశాడు! దారి పొడవునా మోసుకొచ్చిన కోపాన్ని ఆ ముఖం ముందు ఎక్కడ దించాలో గాంధిమతికి తెలియలేదు.

"నేను పంపిన పొడి యాడుండాది?"

"అది నేనేదా తినేది వదినె. ఆయనకు తిని తిని యిసుగంట, ముట్టరు. ఈ వారం నేనూ ముట్టలేదు. మారియమ్మ పొంగలి పండక్కి చేతికి మొక్కు కాపు కట్టుకోని ఉండా, అది ఇప్పేదంకా తెల్లగడ్డ తినకూడదు."

గాంధిమతికి ఏడుపు ముంచుకొచ్చింది. డబ్బా చేతిలోకి తీసుకుంది. పురుగు పట్టిందని చెప్పి కాలవలో పారబోస్తే చాలు, ఎవరికీ ఏమీ తెలియదు. సాయంత్రం బస్సుకు ఇల్లు చేరొచ్చు. మూత తీసింది. పొడి సగమే ఉంది.

"ఎవరు తీసినారు దీన్ని?"

"మా పెద్దమ్మ రాక్కమ్మాళ్, పక్కిల్లే. నోరు సప్పగా ఉండాదంటే ఇప్పుడుదా ఇస్తిని. అన్నానికి కూర్చోని ఉండాది."

గాంధిమతి పరిగెత్తింది. పక్క గుమ్మంలో ముసలమ్మ ఎర్రటి ముద్ద నోటిదాకా ఎత్తి ఉంది. ఏ సాకూ ఆలోచించుకునే వ్యవధి లేదు.

"తినొద్దు! దాంట్లో ఎలకల మందు ఉండాది. నేనేదా కలిపితిని!"

ముద్ద కంచంలో పడింది. కొళాయి దగ్గర ఆడవాళ్ళు తిరిగి చూశారు. పోలీసులూ జైలూ అన్నీ గాంధిమతి కళ్ళముందు కదిలాయి.

"ఒక ముద్దయినా తింటివా పెద్దమ్మా?"

"లేదు, ఇదేదా మొదలు." ముసలమ్మ చేతిని చీరకు తుడుచుకుని, ఆమెను ఎగాదిగా చూసింది. "ఎవరికోసరం కలిపితివి తల్లీ?"

"నా మొగుడికోసరం."

వెనకే వచ్చిన జోతి ఆమె భుజం మీద చెయ్యి వేసింది. పాపం, ఈ వదిన ఎన్ని కష్టాలు పడిందో అన్నట్టు, ఎంతో జాలిగా అడిగింది.

"ఎవరు వదినె మీ ఆయన?"

వాళ్ళ ఇళ్ళలో ఆడది మొగుడి పేరు పలకదు. రేషన్ కొట్లో అడిగినా పక్కనున్నవాళ్ళ చేత చెప్పిస్తుంది. పెళ్ళయిన నాటి నుంచి గాంధిమతి నోట ఆ పేరు రాలేదు. ఇప్పుడు ఆ పిల్ల కళ్ళలోకి చూస్తూ చెప్పింది.

"వీరసామి."

"ఏ వీరసామి?" అంది జోతి. అడుగుతూనే ఏడవడం మొదలుపెట్టింది.