బీడీ కట్ట మీది పిల్ల

ఎరుపు గీత దాటింది.

పాత బీడీ కట్ట లేబుల్ మీద నవ్వుతున్న పిల్ల. ఆమె పెదవులకు వేసిన ఎరుపు నల్ల గీత దాటి బుగ్గ మీదికి జారింది. ఎప్పుడో, ఏ ప్రెస్సులోనో, కాగితం కాస్త కదిలి ఉంటుంది. ఆ జారిన ఎరుపు... దాన్నే చూసింది వనజ. అరచేతిలో పెట్టుకొని, ఊపిరి తగిలితే చిరిగిపోతుందేమోనని భయపడుతూ చూసింది.

వాసన చూసింది. పొగాకు. పాత గోడల తేమ.

బోనకల్‌లో మూతపడ్డ ఒక కిరాణా కొట్టు సామాను తూకానికి అమ్ముతుంటే దొరికింది అది. వనజకు అదొక పిచ్చి. అగ్గిపెట్టెల బొమ్మలు, నశ్యం డబ్బాలు, బిస్కెట్ల రేకుడబ్బా మూతలు — ఖమ్మంలో ఆమె కిరాయి గదిలో బట్టల కంటే అవే ఎక్కువ. డిజైన్ ఆఫీసులో తోటివాళ్ళు ఇంటర్నెట్‌లో వెతుక్కుంటారు. వనజ తుక్కులో వెతుక్కుంటుంది. చేత్తో రాసిన అక్షరాల వంపులు, చవక సిరాల మండే రంగులు... పని నేర్చుకున్నది వాటి దగ్గరే.

ఆ రోజుల్లోనే సత్తుపల్లి వ్యాపారి మురళీకృష్ణ వచ్చాడు. అడవి తేనె సీసాల్లో అమ్ముతాడట. లేబుల్‌లో పాతకాలపు కళ ఉండాలట.

వనజ ఆ పిల్లను తీసుకుంది.

తల మీద బీడీలు చుట్టే తునికాకు మోపు. దాన్ని పట్టుకున్న చెయ్యి. నవ్వు. నవ్వు కింద, గడ్డం మీద మూడు నల్ల మచ్చలు — సిరా చిందిందనుకుంది. కంప్యూటర్‌లో తుడిచేసింది. ఆకు మోపు తీసి తేనె కుండ పెట్టింది. ఎరుపును మాత్రం అలాగే, గీత దాటించి ఉంచింది.

ఆ ఎరుపు కోసమే కదా ఇదంతా.

మురళీకృష్ణ చాలాసేపు చూశాడు. "ఈ పిల్ల మొహంలో ఏదో ఉందమ్మా. చూపు తిప్పుకోబుద్ధి కావట్లేదు," అన్నాడు.

ఆఫీసులో చేరాక మొదటిసారి, ఇది వనజ పని అని నలుగురిలో చెప్పారు.

ఎండలు ముదిరాక, అచ్చయిన మొదటి సీసా పట్టుకొని ఇంటికి వెళ్ళింది. ములకలపల్లి దగ్గర, అడవి అంచున గూడెం. తల్లి పోయాక ఆమెను పెంచిన పెద్దమ్మ జంపక్క అప్పుడే కల్లంలో తునికాకు కట్టలు ఆరబెట్టి వచ్చి వాకిట్లో కూర్చుంది. వనజ సీసా చేతికిచ్చింది. పక్కన పాత లేబుల్ పెట్టింది. ఇందులోంచి ఇది పుట్టించానని పొంగిపోతూ చెప్పింది.

జంపక్క సీసాను చూడలేదు.

లేబుల్‌ను చూసింది. చూస్తూనే ఉంది...

"గిది నీకేడ దొరికింది?"

"బోనకల్ల, పెద్దమ్మా. ఏమైంది?"

జంపక్క లేబుల్‌ను నేల మీద బోర్లా పెట్టింది.

"నేను పిల్లగ ఉన్నప్పుడు కల్లం కాడికి ఒకడు కెమెరా పట్టుకొని వచ్చిండు. మోపెత్తుకొని నవ్వమన్నడు. నవ్విన. గంతే నేను చేసింది."

అప్పుడు చూసింది వనజ. ముడతల నడుమ, గడ్డం మీద, పచ్చబొట్టు. మూడు చుక్కలు. ఊహ తెలిసినప్పటి నుంచీ చూస్తున్నవే.

సిరాను చూసింది. పిల్లను చూడలేదు.

జంపక్క మెల్లగా చెప్పింది. ఏడవలేదు. ఆ ఏడాదే కట్టలు సంతకు వచ్చాయి. ప్రతి చొక్కా జేబులోనూ ఆమె. మగవాళ్ళు కట్ట మీది బొమ్మను చూసి, ఆమెను చూసి నవ్వారు. బీడీ పిల్లా అని పిలిచారు. కుదిరిన సంబంధం వాళ్ళు, అందరి జేబుల్లో తిరిగే పిల్ల మాకెందుకన్నారు. మళ్ళీ ఎవరూ రాలేదు.

"గది గూడ గాదు బిడ్డా. కట్ట ఇప్పినంక కాయిదం చింపి పడేస్తరు గద. సంతల ఏడ జూసినా నా మొకమే. అందరు తొక్కుకుంట పోయేటోళ్లు. నేను గూడ తొక్కిన... కాలు ఏడ పెట్టాలె మరి?"

అప్పుడు సీసా వైపు చూసింది.

"తేనె అయిపోయినంక దీన్ని ఏడ పడేస్తరు?"

వనజ మర్నాడే బస్సెక్కింది.

ఖమ్మం వెళ్ళి మురళీకృష్ణకు అంతా చెప్పింది. ఆ మొహం తీసేద్దాం సార్, ఇంకో బొమ్మ గీస్తాను, అంది. ఆయన చెడ్డవాడు కాదు. విన్నాడు. నిజంగానే కదిలిపోయాడు. కళ్ళు తుడుచుకున్నాడు.

"ఇంత కథ ఉందా దీని వెనకాల? అయితే ఆ చుక్కలు మళ్ళీ పెట్టెయ్యమ్మా. పెద్దావిణ్ణి కూడా తీసుకురా. సీసా పట్టుకొని ఉంటే ఒక ఫొటో తీద్దాం."

ఫొటోకు ఒప్పుకోలేదు వనజ. గెలిచింది అంతవరకే.

చుక్కలు... వేరేవాళ్ళు పెడితే వంకరగా పెడతారనుకుంది. అలా అనుకొని, తనే పెట్టింది. చిన్నప్పుడు ఆ ఒళ్ళో పడుకొని వేలితో తాకిన చోట, సరిగ్గా అక్కడే. ఆఫీసులో అందరూ లేచి వచ్చి చూశారు. బాగుందన్నారు.

బాగుంది. నిజంగానే బాగుంది.

వానలు మొదలయ్యాక జంపక్కకు మోకాళ్ళ నొప్పి పెరిగితే భద్రాచలం దవాఖానాకు తీసుకెళ్ళింది. బస్సు నిండా జనం. సారపాక దాటి, గోదావరి వంతెన ఎక్కే ముందు బస్సు ఆగింది. ముందంతా లారీలు. కిటికీ బయట — ఇంటంత ఫ్లెక్సీ. తేనె కుండ, మూడు చుక్కలు, వానలో తడుస్తున్న నవ్వు.

వనజ కిటికీకి అడ్డంగా జరిగింది. అప్పటికే ఆలస్యమైంది.

జంపక్క చూసింది. కొంగు తల మీదుగా లాక్కొని, కళ్ళు మాత్రం మిగిలేలా మొహం కప్పుకుంది.

ముందు సీటులో ఆవిడ వెనక్కి తిరిగింది. "జల్లు కొడుతుందా అవ్వా? అద్దం జరపనా?"

"అవ్," అంది జంపక్క. "జరుపు బిడ్డా."

ఆవిడ అద్దం జరిపింది. అద్దం మీద వాన. వాన వెనక...

బస్సు ఇంకా కదలలేదు.