గట్టు, గుట్టు, గుడి గొట్టం

నేను ఒక మైకు గొట్టాన్ని. "నువ్వేం గొట్టంగాడివి?" అని అడిగితే తలెత్తుకుని అవునని చెప్పగలిగేది ఊళ్ళో నేనొక్కణ్ణే. గుంటూరులో ఓ రేకుల షెడ్డు కింద అల్యూమినియం రేకును సుత్తితో సాగగొట్టి, నోరు వెడల్పు చేసి, గొంతు సన్నం చేసి నన్ను పుట్టించారు. మొదట ఎన్నికల జీపు ఎక్కాను. ఓట్ల కోసం ఒట్లు పెట్టాను. ఒట్లు ఉత్తివని తేలాక నన్ను టెంటుహౌసుకు అమ్మారు. అక్కడ పొద్దున పెళ్ళిపాట, సాయంత్రం చావుపాట. ఒక్కోసారి క్యాసెట్టు కూడా మార్చేవాళ్ళు కాదు. చివరికి గోగులపాలెం కతోలిక గుడివాళ్ళు కొని గంటగోపురం మీద బిగించారు.

రోజూ పొద్దుటి పూజలో ఫాదర్ లూర్దురాజుగారు బైబిల్లోంచి చదివే సువిశేషాన్నీ, దాని మీద ఆయన చెప్పే నాలుగు మాటల ధ్యానాన్నీ ఊరి మీద కుమ్మరించడం నా ఉద్యోగం. గుడికి రాని భక్తులు పక్క దిగకుండానే పరలోకానికి దారి తెలుసుకునేవారు. అబద్ధాలు అరిచినన్నాళ్ళూ నాకు భయమన్నది లేదు. భయం ఎలా ఉంటుందో ఓ అక్టోబరు వారంలో, సువార్త చదువుతుండగా తెలిసింది.

గోపురం మీంచి చూస్తే గాబ్రేలు మిరపచేను కనపడుతుంది. పక్కది తమ్ముడు జోజయ్యది. నడుమ గట్టు, గట్టు మీద తండ్రి పాతిన హద్దురాయి. రాయికి కాళ్ళు లేకపోయినా ఓ తెల్లవారుజామున అది తమ్ముడి చేలోకి నాలుగడుగులు నడిచింది. గడ్డపలుగుతో నడిపించింది గాబ్రేలు. చూసింది నేను. గట్టు కదిలింది గానీ గుట్టు కదల్లేదు.

శనివారం సాయంత్రం గాబ్రేలు పాపసంకీర్తనానికి, అంటే గురువు చెవిలో తప్పులు ఒప్పుకోవడానికి, వచ్చాడు. అక్కడ మైకు పెట్టరు గనక ఏం చెప్పుకున్నాడో నేను వినలేదు. వెళ్ళేటప్పుడు మాత్రం మనిషి తేలికపడ్డాడు. ఆదివారం చేను దాకా పోయి, రాయి వంక చూసి, తల గోక్కుని తిరిగొచ్చాడు.

సోమవారం నేను నోరు తెరిచాను. గుంపులోంచి ఎవడో ఏసుప్రభువును అడుగుతున్నాడు: తండ్రి ఆస్తిలో నా పాలు నాకిమ్మని నా సోదరుడికి చెప్పు, అని. కింద కుళాయి దగ్గర గాబ్రేలు నోట్లోంచి వేపపుల్ల జారిపోయింది.

"ఆరోగ్యం, ఇన్నావంటే?" అన్నాడు పెళ్ళాంతో.

"ఇన్నా. ఎవుడో ఆస్తి పంచమన్నాడంట. మజ్జెన నీకెందుకయ్యా చెమటలు?"

మంగళవారం, దీపాలు ఆరనీయకుండా మేలుకొని ఉండమన్నాను. అసలే నిద్రలేని మనిషి, కళ్ళు చింతనిప్పులు. బుధవారం, దొంగ ఏ గడియలో వస్తాడో ఇంటాయనకు తెలిసుంటేనా అన్నాను. టీకొట్టు దగ్గర గాబ్రేలు తలకు తువ్వాలు చుట్టేసుకున్నాడు.

"ఏం గాబ్రేలన్నా, చెవిపోటా?"

"గొట్టంపోటు" అని కసిరాడు.

గురువారం, ఒకే ఇంట్లోవాళ్ళు రెండుగా చీలిపోతారని చదివారు. అంతే, గాబ్రేలు కటింగుప్లేరు పట్టుకుని గోపురం నిచ్చెన ఎక్కాడు. తీగ తెగితే నా ప్రాణం పోతుంది. కాలు జారితే అతని ప్రాణం పోతుంది. భయం ఉభయం! సగం దాకా వచ్చి, కిందికి చూసి, దిగిపోయాడు.

శుక్రవారం పూజకు వచ్చి చివరి వరసలో నిలబడ్డాడు. ఫాదరుగారు చదువుతున్నారు: నీ మీద ఫిర్యాదున్నవాడితో న్యాయాధికారి దగ్గరికి పోయే దారిలోనే రాజీపడు, లేకపోతే నిన్ను చెరలో వేస్తారు. గాబ్రేలు జనాన్ని తోసుకుంటూ మైకు మీదికొచ్చాడు.

"ఆపండి ఫాదరుగారూ! హద్దురాయి జరిపింది నేనే! శనివారం మీ చెవులో చెప్పుకున్నానా లేదా? చెవులో చెప్పింది గొట్టంలో పెట్టి ఊరంతా ఊదతారా? మీరసలు గురువులేనా?"

వద్దు వద్దనుకుంటూనే ప్రతి అక్షరాన్నీ పొలాల దాకా మోశాను. ఊరు నిలబడిపోయింది. ఫాదరుగారి ఊపిరి ముక్కలు ముక్కలుగా నాలోకి వచ్చింది. పాపసంకీర్తనంలో విన్నది బయటపెట్టిన గురువుకు గురుత్వమే మిగలదు. 'మీరు చెప్పారు' అనకూడదు, 'చెప్పలేదు' అనీ అనకూడదు.

"గాబ్రేలుగారూ, ఎవరు నాకేం చెప్పుకున్నారన్నది చంపినా నా నోట రాదు. ఈ చదువుల సంగతి చెబుతాను, అందరూ వినండి. ఇవి నేను ఏరుకునేవి కావు. ఏ రోజుకు ఏ సువిశేషమో లోకంలోని మన గుళ్ళన్నిటికీ శ్రీసభ ఎప్పుడో వరస కట్టింది. మీరు సోమవారం విన్నదే తెనాలిలోనూ విన్నారు, రోములోనూ విన్నారు. పోయినేడు ఇదే వారం ఇక్కడే ఇవే చదివాను. అప్పుడు మీకు తగల్లేదు."

"అమ్మయ్య!" అంది పాలకేంద్రం శౌరమ్మ. "బుధవారం దొంగంటే నన్నే అనుకున్నా!"

అందరూ ఆమె క్యాను వంక చూశారు.

"అంటే..." గాబ్రేలు అందరి మొహాలూ చూశాడు. "ఎవురూ బయటపెట్టలా?"

"ఇప్పుడు నువ్వే పెట్టావుగా, మైకులో!" అంది శౌరమ్మ.

గాబ్రేలు అక్కడే కూలబడి ఏడ్చాడు. ఒట్లు మోశాను, పాటలు మోశాను. అంత బరువైన మోత ఎన్నడూ మోయలేదు.

మిరపచేలో మందు కొడుతున్న జోజయ్య 'హద్దురాయి' అన్న మాట దగ్గరే ఆగిపోయాడు. ఇప్పుడు వీపు మీద ట్యాంకుతోనే గుడి వైపు పరుగెత్తుకొస్తున్నాడు. మొహానికి గుడ్డ కట్టుంది. కోపమో ఏమో పై నుంచి నాకు ఆనవాలు దొరకలేదు. గుడిలో అడుగుల చప్పుడు విని జనం రెండు పక్కలకీ తప్పుకున్నారు. గాబ్రేలు తల మీద రెండు చేతులూ అడ్డం పెట్టుకున్నాడు. కొడతాడనే నేనూ అనుకున్నాను.

"ముందు ఆ మైకు కట్టెయ్యండి ఫాదరుగారూ" అన్నాడు జోజయ్య, రొప్పుతూ. "మా అన్న ఏడుపు ఊరంతా ఇంటంది."

టక్కుమంది. వీధుల్లో జనం తరవాతి మాట కోసం నా నోటి వంక చూస్తూ ఉండిపోయారు. కాసేపటికి అన్నదమ్ములిద్దరూ పక్క తలుపులోంచి బయటికొచ్చి, చేని దారి పట్టారు. జోజయ్య ముందు నడుస్తున్నాడు. మందు ట్యాంకు గాబ్రేలు వీపు మీద ఉంది.