ఘాటెక్కేటప్పుడు వెనుక కూసున్న మనిషి

రేవతి పొద్దుగాల నాలుగున్నరకు లేచింది. టైర్లల్ల గాలి చూసుకున్నది, చెయినుకు రెండు చుక్కల నూనె ఏసింది, నాలుగు చపాతీలు, ఇంత మామిడి తొక్కు కట్టుకున్నది. ఆదివారం వచ్చిందంటే ఆ పిల్ల ఒక్కతే సైకిల్ మీద వంద, నూటయాభై కిలోమీటర్లు పోయొస్తదని బెల్లంపల్లి బొగ్గుబాయి క్వార్టర్లల్ల అందరికీ ఎరుకే. ఈపాలి మాత్రం సోమవారం బయలెల్లింది.

పక్కింటి వినోద వాకిలి ఊడ్చుకుంట చూసింది. "ఏందే, ఇయ్యాల ఎటు?"

"కెరమెరి ఘాట్‌కు, వదినే."

వినోద చీపురు ఆపింది. "ఎవర్ని ఎక్కించుకుంటవే?"

"మా తమ్మున్ని."

"జర పైలం మరి," అని వినోద మళ్లీ ఊడ్చుడు మొదలువెట్టింది.

కెరమెరి ఘాట్ సంగతి ఆ దిక్కు తెల్వనోళ్లు లేరు. సైకిల్ తొక్కుకుంట ఎక్కితే, మనల్ని అందరికన్న ఎక్కువ మోసం చేసిన మనిషి వచ్చి వెనుక క్యారియర్ మీద కూసుంటడు. ఎక్కడున్నా సరే, ఉన్నకాడికెల్లి మాయమై రావాల్సిందే. పైన మైసమ్మ గుడి దాటంగనే ఎక్కడి మనిషి అక్కడికే పోతడు. మోటర్ బండ్లకు, కార్లకు రారు. చెమట కార్చి తొక్కినోళ్లకే వస్తరు. ఆ నడుమ ఆసిఫాబాద్‌ల ఒక పెండ్లిల భూముల బేరగాడు అక్షింతలు పట్టుకొని నిలవడ్డోడు నిలవడ్డట్టే మాయమైండు. అయ్యగారు మంత్రం ఆపలేదు. "ఘాట్‌కు పోయినట్టున్నడు, మీరు కానియ్యుండ్రి," అన్నడట.

రేవతి బాధ ఏందంటే, వాళ్ల బాపు సదానందం ముప్పై ఏండ్లు బొగ్గుబాయిల దిగి ఊపిరితిత్తులు పాడుచేసుకున్నడు. అన్‌ఫిట్ అయిండు. అట్లయినోళ్ల ఇంట్ల ఒక్కరికి కంపెనీ ఉద్యోగం ఇస్తది. "అది నీకే బిడ్డా," అని బాపు మాటిచ్చిండు. ఆ మాట వట్టుకొని ఆమె హైదరాబాద్‌ల కొలువు ఇడిసిపెట్టి వచ్చింది. మూడేండ్లు ఆయన్ను దవాఖానల పొంటి తిప్పింది. ఎక్స్‌రేలు, కాగితాలు ఒక్కటి పోకుంట నీలం ఫైల్ల పెట్టింది. మొన్న శనివారం ఆఫీసుల తెలిసింది, అర్జీల ఉన్నది తమ్ముడు నరేశ్ పేరని. బాపును అడిగితే "నాకేం తెల్వది బిడ్డా," అని గోడ దిక్కు మల్లి పండుకున్నడు. మందుల మత్తుల ఉన్నప్పుడు నరేశే సంతకం పెట్టిచ్చుకున్నడని ఆమె ఖాయం చేసుకున్నది.

ఇయ్యాల పదకొండింటికి బాపు, నరేశ్ ఇద్దరు ఆఫీసర్ ముంగట నిలవడి సంతకాలు చేస్తే కథ ముగిసినట్టే. ఇద్దరిల ఏ ఒక్కరు లేకున్నా కాదు. పదకొండు దాటేదాంక నరేశ్‌ను క్యారియర్ మీద కూసుండవెట్టుకోవాలె. ఆమె ఆలోచన గంతే.

ఆసిఫాబాద్ పెద్దవాగు దాటేసరికి ఎండ పొడిచింది. పత్తి చేన్లు అయిపోయినయి, టేకు చెట్లు మొదలైనయి. తొమ్మిదింటికి ఘాట్ కింద పోచవ్వ చాయ్ హోటల్ కాడ ఆగింది. పోచవ్వ చాయ్ పోసిచ్చింది. ఒక గోనె సంచి మడతవెట్టి క్యారియర్‌కు కట్టింది.

"మోసం చేసినోళ్లైనా మన మీద కూసుండేటోళ్లే కద బిడ్డా. ఆ ఇనుము కుచ్చుకుంటది."

"కుచ్చుకోనీ అవ్వా," అన్నది రేవతి. అన్నదే గని గోనె ఇప్పలేదు.

మొదటి మూలమలుపుల ఏం కాలే. రెండోదాంట్ల కోతులు తప్ప ఎవ్వరు లేరు. మూడోది తిరుగుతుంటే వెనుక చక్రం కిందికి గుంజినట్టయింది. వచ్చిండు అనుకొని పండ్లు పటపట కొరికింది. జర దూరం తొక్కినంక అనుమానమొచ్చింది. నరేశ్ తొంభై కిలోలుంటడు. వెనుక ఉన్నది అండ్ల సగం గూడ లేదు.

అప్పుడు దగ్గు ఇనవడ్డది. ఆ దగ్గు మూడేండ్ల సంది ఆమె ఇంటున్నదే.

మల్లి చూసింది. బాపు. ఇస్త్రీ చేసిన తెల్లంగి తొడుక్కున్నడు, తల దువ్వుకున్నడు, ఒళ్లె ఆ నీలం ఫైల్ పట్టుకొని కూసున్నడు.

నరేశ్ ముంచిండనుకున్నప్పుడు ఆమెకు కోపమొచ్చింది. ఇప్పుడు కోపం గూడ రాలే. ఎవరన్న చూస్తున్నరేమో అని సిగ్గయింది. కాళ్లు మాత్రం తొక్కుతనే ఉన్నయి.

"నువ్వేనా బాపు?"

"నేనే బిడ్డా."

"వాడు పెట్టిచ్చుకోలేదా సంతకం?"

"వాడు అడుగనే లేదు. నేనే పిలిచి పేరు రాయించిన. కొలువు లేకుంటే కోడలు వాన్ని ఇడిసిపెట్టి పోయేటట్టున్నది. వాడు ఆగమైతడు. నువ్వు గట్టిదానివి. గిన్నేసి గుట్టలు ఒక్కదానివే తొక్కేటిదానివి, ఎట్లనన్న బతుకుతవనుకున్న."

"గట్టిదాన్నని ముంచినవా?"

బాపు ఒళ్లె ఫైల్ సదురుకున్నడు. ఇంకో రెండు మలుపులు తిరిగినంక మెల్లగ అన్నడు, "టైమెంతయింది? జర జల్ది ఎక్కియ్యి బిడ్డా. పదకొండుకు పిలుస్తరు. వాడు పరేషాన్ అయితుండొచ్చు."

అన్నిటికన్న ఆ మాటనే ఆమెను కోసింది. ఆమె కాళ్ల బలంతోనే పైకి ఎక్కి, పోయి వాని పేరు మీద సంతకం పెడ్తడట.

మైసమ్మ గుడి జెండా కనవడ్డది. ఇంక యాభై అడుగులు లేదు. పదిన్నర అయింది. రేవతి బ్రేకు ఏసి సైకిల్ దిగి, పక్క పిట్టగోడకు ఆనిచ్చింది. బాపు క్యారియర్ దిగజూసిండు గని దిగరాలే. గుడి దాటేదాంక ఎవ్వరికీ దిగరాదు.

"ఏందే, ఆగినవ్?"

"కాళ్లు గుంజుతున్నయి బాపు."

ఆయన ఆమె మొకం దిక్కు చూసిండు. అర్థమైంది. కొట్లాడలే, బతిమిలాడలే. ఆమె చపాతీ చుట్టి ఇచ్చింది, తిన్నడు. దగ్గొస్తే నీళ్లు తాపింది, వీపు రాసింది. పదకొండయింది. నరేశ్ ఫోన్ చేసిండు, ఆమె ఎత్తలే. మళ్లీ చేసిండు. పన్నెండయింది. కింద లోయల పొగమంచు ఎప్పుడో కరిగిపోయింది.

"నువ్వు గింత పని చేస్తవనుకోలేదే," అన్నడు బాపు.

"నేను గూడ అనుకోలే," అన్నది రేవతి.

ఒంటిగంటకు సైకిల్ ఎక్కి గుడి దాటింది. వెనుక బరువు పోయింది. మల్లి చూడకుంట జైనూర్ దిక్కు దిగుకుంట పోయింది, కండ్లల్ల నీళ్లు గాలికే ఆరినయి.

అర్జీ ఆగింది. రెండు నెలలకు మళ్లీ పిలిచిండ్రు. ఈపాలి బిడ్డ, కొడుకు ఇద్దరూ పోయి గోడకు నిలవడ్డరు. ఎవరికియ్యమంటవని ఆఫీసర్ అడిగిండు. సదానందం కొడుకు దిక్కు చూసిండు, తర్వాత నేల దిక్కు చూసిండు. "రేవతి," అన్నడు, పక్కోళ్లకు ఇనరానంత మెల్లగ. ఆఫీసర్ ఇంకోపాలి అడిగి రాసుకున్నడు.

ఇప్పుడామె రోజూ అదే కంపెనీల డ్యూటీకి పోతది, మాపటికి వచ్చి బాపుకు మందులిస్తది. ఆ పేరు ప్రేమతోని చెప్పిండా, ఘాట్‌కు భయపడి చెప్పిండా అని ఆమె ఇంతవరకు అడుగలే. ఆయన చెప్పలే.