తోక వైపు చెరిగిన కట్లు

పుప్పాలగూడలో ఆ అపార్ట్‌మెంట్ల వెనక చిన్న రాళ్లగుట్ట, దాని కింద ఓ కుంట మిగిలాయి. జాగా అసోసియేషన్‌ది. చదును చేసి కార్లు పెట్టుకుందామని సగం మంది, అలాగే ఉంచుదామని అఖిల. అఖిలది జగిత్యాల. గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం. పక్షులూ పాములూ ఆమెకు ఎవరూ నేర్పలేదు, తనే కిందా మీదా పడి నేర్చుకుంది. ప్రతి ఆదివారం జనాన్ని వెంటేసుకుని గుట్టెక్కి, కనబడినదానికల్లా పేరు చెప్పేది. పేరు తెలిసినదాన్ని మనిషి చంపడని ఆమె నమ్మకం.

ఈ ఆదివారం సాయంత్రం మీటింగ్. గుట్ట ఉండాలో పోవాలో అక్కడే తేలుతుంది. అందుకే అసోసియేషన్ ప్రెసిడెంట్ పార్థసారథిని, ఆయన భార్య రత్నమాలను బతిమాలి పొద్దున్నే తీసుకొచ్చింది. ఎప్పుడూ వచ్చే జనంతో పాటు వాచ్‌మన్ సాయిలు కర్రతో వెనక నడిచాడు.

కుంట మీద లకుముకి పిట్ట కనిపించింది.

"దీన్ని చూడ్డానికే కదే అరకు దాకా పోయాం," అన్నాడు పార్థసారథి భార్యతో.

"అరకులో మీరు కారు దిగితే కదండీ," అంది రత్నమాల.

అందరూ నవ్వారు. అఖిలకు గుట్ట గెలిచినట్టే అనిపించింది. ఆ హుషారులో చేయకూడని పని చేసింది. చెప్పులేసుకున్న మనుషులు చుట్టూ ఉండగా రాయి ఎత్తొద్దని వారం వారం తనే చెబుతుంది. తేలు చూపిస్తానని తనే ఎత్తింది.

తేలు లేదు. నల్లటి ఒంటి మీద తెల్లటి కట్లున్న పాము సర్రున జారి రత్నమాల కాళ్ల వైపు వచ్చింది.

"కట్లపాము," అంది అఖిల. "సాయిలన్నా, కొట్టు."

సాయిలు కర్ర ఎత్తి ఆగాడు. "కొట్టాల్నా మేడం?"

"కొట్టమంటున్న గదా."

కొట్టాడు. రత్నమాల ఏడుస్తూ అఖిలను వాటేసుకుంది. పార్థసారథి సాయిలు భుజం తట్టాడు. ఎవరో ఫోటో తీశారు. అపార్ట్‌మెంట్ గ్రూపులో అప్పుడే దండాల బొమ్మలు వచ్చి పడ్డాయి.

అఖిల వంగి చూసింది. కట్లు మెడ దగ్గరే మొదలయ్యాయి. అక్కడ వెడల్పుగా ఉండి, తోక వైపు పోయేకొద్దీ చెరిగిపోయాయి. కట్లపాముకైతే తలకు దూరంగా మొదలై తోక వైపు తేటపడతాయి. ఇది వుల్ఫ్ స్నేక్. చీమంత విషం కూడా లేదు. ఈ తేడా మీద పోయిన వానాకాలం కమ్యూనిటీ హాల్లో తెర మీద బొమ్మలేసి మరీ పాఠం చెప్పింది ఈమే. ఆ మాట పైకి అనకుండానే గుట్ట దిగింది.

సాయంత్రం మీటింగ్‌లో పార్థసారథి మొదట ఆమెకే చప్పట్లు కొట్టించాడు. "మా ఆవిడ ప్రాణం కాపాడిందండీ ఈ అమ్మాయి. అంత విషప్పాములున్న చోటు మనకి అవసరమా? చెప్పండి."

ఊరుకుంటే గుట్ట పోతుంది. చెబితే పరువు పోతుంది. అఖిల లేచింది.

"అంకుల్, అది కట్లపాము కాదు. విషం లేనిది. తప్పు నాది. రాయి ఎత్తింది నేను, కొట్టమన్నదీ నేనే."

పార్థసారథికి కోపం రాలేదు. కోపమొస్తే బాగుండేది. జాలిగా చూశాడు.

"అమ్మా, నీ అంత చదువుకున్నదానికే తెలియలేదు కదా. రేపు మా మనవడికేం తెలుస్తుంది? ఏది విషమో ఏది కాదో పట్టుకు చూసి చెప్పాలా?"

పామును చూసి పక్కకు జరిగితే చాలని, గుట్ట తవ్వితే ఆ పాములన్నీ పార్కింగ్‌లోకే వస్తాయని ఎన్నిసార్లు చెప్పిందో. కానీ పొద్దున పక్కకు జరగమనకుండా కొట్టమన్నది తనే. గుట్ట చదును చేయాలని చేతులు లేచాయి. రత్నమాల చెయ్యి కూడా లేచింది, కాస్త ఆలస్యంగా, అఖిల వైపు చూడకుండా.

బయట సాయిలు గేటు దగ్గర ఉన్నాడు. లోపలి మాటలు మైకులో విన్నాడు.

"మీ మాట మీద ఎన్ని పాముల ఇడిసిపెట్టిన మేడం. మా సూపర్‌వైజర్ తిట్టిండు, మా ఇంటామె తిట్టింది. ఇడిసిపెట్టినవి మంచిగనే బతికినయ్." చెప్పు మొనతో నేల గీకుతూ అన్నాడు. "గియ్యాల గూడ ఇడిసిపెడుదుమనే ఉండె నాకు."

"తెలుసన్నా."

"మళ్ల జెసిబి ఎప్పుడొస్తదట?"

"బుధవారం."

సాయిలు తలూపి, లోపలికి వస్తున్న కారుకు గేటు తీయడానికి వెళ్లాడు. అఖిల దారికి అడ్డంగా నిలబడిందని కారువాడు హారన్ కొట్టేదాకా ఆమెకు తెలియలేదు.