ఈడ్పు నడక

మా ఇంట్లో ఎవరూ కాలెత్తి నడవరు. నేల తుడుస్తున్నట్టు ఈడుస్తాం. చూసేవాళ్ళు బద్ధకం అనుకుంటారు. అనుకోనివ్వండి, లోకానికి అంతకన్నా పనేముంది?

నేను పడవ నడిపే ఏటిలో టేకు చేపలుంటాయి. చేటంత వెడల్పు, మూతలా బల్లపరుపు, తోక మీద విషపు ముల్లు. సముద్రంలోని చుట్టాలను వదిలేసి ఎప్పుడో ఏటిలో కాపురం పెట్టిన జాతి. రేవు దగ్గర మోకాలి లోతులో ఇసుక కప్పుకుని పడుకుంటుంది. కాలెత్తి దాని వీపు మీద వేశామా, ముల్లు దిగుతుంది. ఎంతటి మొనగాడైనా అమ్మా అనాల్సిందే. ఈడుస్తూ వెళ్తే అలికిడికి అదే తప్పుకుంటుంది. ఆ మాత్రం మర్యాద మనుషుల్లో నేను చూడలేదు.

మా అమ్మాయికి అవతలి ఒడ్డున హోటల్లో వడ్డించే పని దొరికేలా ఉంది. మేనేజరు దాన్ని హాలు ఈ చివర నుంచి ఆ చివరకు నడిపించి మొహం చిట్లించాడట.

"కాళ్ళేంటమ్మా అలా ఈడుస్తావ్? తినడానికొచ్చినవాళ్ళకి నిద్రొస్తుంది. సోమవారం మళ్ళీ రా. అప్పుడూ ఇంతే అయితే ఇంకొకర్ని చూసుకుంటాం."

ఆయన హాల్లో పాలరాయి కింద టేకు పడుకోదు కదా, ఏమైనా అంటాడు.

ఆ రోజు నుంచి మా వంటింట్లో కవాతు. పొయ్యి దగ్గర నుంచి గుమ్మం దాకా, పళ్ళెంలో నీళ్ళ గ్లాసులతో అమ్మాయి. వెనకే గరిటెతో మా ఆవిడ.

"లేపవే కాలు! చీపురులా ఊడ్చుకుంటూ వస్తున్నావ్."

"లేపితే గ్లాసులు ఊగుతున్నాయమ్మా!"

"ఊగనీ. మీ నాన్న కాళ్ళు మాత్రం చూడకు, చెడిపోతావ్."

నా కాళ్ళు వెనక్కి లాక్కున్నాను. ఈ ఇంట్లో నా మాటకు పిల్లి కూడా తల తిప్పదు.

సోమవారానికి నడక కుదిరింది. కొంగలా ఒక్కో అడుగూ ఎత్తి వేస్తోంది. అవతలి రేవులో పడవ ఆపాను. నీరు తక్కువ, ఒడ్డు దాకా దిగి నడవాల్సిందే. బూట్లు చేత్తో పట్టుకుని అమ్మాయి నీళ్ళలోకి దిగి, కాలెత్తింది.

"ఈడ్చు!" అని అరిచాను.

ఎత్తిన కాలు అలాగే ఉంచి పడవ అంచు పట్టుకుంది. "కుదరదు నాన్నా. ఇక్కడ ఈడిస్తే అక్కడా ఈడుస్తాను. ఇప్పుడిప్పుడే మాట వింటున్నాయి ఈ కాళ్ళు."

"ముల్లు దిగితే ఏ కాలితో వడ్డిస్తావ్?"

"పనే పోతే ఎవరికి వడ్డించను?"

వెనక ప్రయాణికులు అందుకున్నారు. "బాబాయ్, మీ ఇంటి పంచాయితీ ఇంటి దగ్గర పెట్టుకో!"

తెడ్డు పక్కన పెట్టి నేనూ దిగాను. దాని ముందుకు వెళ్ళి, కాళ్ళు ఎడంగా పెట్టి, నాగలిలా ఇసుకను పెకలిస్తూ నడిచాను. "నేను నడిచిన చోటే అడుగెయ్. పక్కకి పోయావో, చూడు."

అది నా చొక్కా పట్టుకుని, నేను బురద చేసిన దారిలో కొంగ అడుగులు వేసింది. సగం దూరంలో నా వేళ్ళకు మెత్తగా ఏదో తగిలింది. ఇసుక పొంగింది. గోధుమరంగు చేట ఒకటి అంచులు అలలా ఆడిస్తూ లేచి, విసుగ్గా లోతుకు పోయింది. వెనక నా చొక్కా పర్రున చిరిగింది. అమ్మాయి కాలు మాత్రం ఈడ్చలేదు.

సాయంత్రం రేవుకొచ్చినప్పుడు మొహంలోనే తెలిసిపోయింది. నిండు పళ్ళెంతో చుక్క ఒలకకుండా నడిచిందట. రేపటి నుంచి రమ్మన్నారట.

"మరి రోజూ ఈ రేవులో ఎలా దిగుతావే?"

"నువ్వున్నావుగా నాన్నా."

పని దానికి, చాకిరీ నాకు. మర్నాడు నీళ్ళలోకి దిగి వెనక్కి చూస్తే, అమ్మాయి వెనకే ప్రయాణికులంతా చెప్పులు చేతబట్టుకుని వరసగా నిలబడి ఉన్నారు.

"కాస్త గబగబా ఈడ్చు బాబాయ్, ఆఫీసుకు టైమవుతోంది!"

తిట్టాను. తిడుతూనే ఈడ్చాను.