కాలవ నీళ్లొచ్చిన రోజు ఫోటో

సజ్జరొట్టె పెనం మీద తిప్పబోతుంటే, మజ్జిగ ఇంకా రాలేదేమని వాకిట్లోంచి మా ఆయన కేక పెట్టాడు. బికనీరు నుంచి ఒక పిల్ల వచ్చి కూర్చుంది. ఎడారికి కాలవ వచ్చి ఊళ్లు పుట్టిన నాటి ఫోటోలన్నీ పోగుచేసి పట్నంలో ప్రదర్శన పెడతారట. ఒక్కో ఫోటో కింద ఎవరెవరో రాయాలట. మంచం మీద మా ఆయన లేఖరామ్, పక్కన హుక్కాతో మా బావగారు ధన్నారామ్. ఈ ఊళ్లో మొదట సేద్యం పెట్టింది ఈ అన్నదమ్ములే మరి, వీళ్లని కాక ఎవర్ని అడుగుతారు.

ముసుగు గడ్డం దాకా లాక్కుని, మజ్జిగ గ్లాసులు పెట్టి తలుపు పక్కన నిలబడ్డాను. బావగారికి మొహం చూపించను, ఆయన వినేలా నోరు విప్పను. కాపురానికి వచ్చిన నాటి నుంచీ అంతే. నా గొంతెలా ఉంటుందో ఆయనకి తెలియకుండానే నా జుట్టు నెరిసిపోయింది.

ఆ పిల్ల తీసి చూపించింది మా చేలోకి తొలిసారి నీళ్లు వదిలిన రోజు ఫోటో. ముందు వరసలో తలపాగాలు, పూలదండలు. మా ఆయన వేలు పెట్టి ఒక్కొక్కరి పేరూ, తండ్రి పేరూ చెప్పుకుపోయాడు.

"ఈ ఒంటె పేరు కూడా రాసుకో తల్లీ. మోతీ. మహా మొండిది."

ఆ పిల్ల నవ్వుతూ రాసుకుంది. "వెనకాల ముసుగుల్లో ఈ ఆడవాళ్లెవరు తాతగారూ?"

"ఆడంగులు. ఇసక మోసేవాళ్లు."

ఎంత తేలిగ్గా అనేశాడు. రాత్రి గాలికి ఇసక దిబ్బ కదిలి పిల్లకాలవ పూడిపోయేది. తెల్లారకముందే మేం తట్టలతో తోడిపోసేవాళ్లం, మర్నాటికి మళ్లీ పూడేది. అది తోడి, తాగునీళ్లు మోసి, రొట్టెలు చేసి పెడితే మా అత్త నమిలి ఉమ్మేసేది, "నీ రొట్టెలో అంతా ఇసకేనే" అని. పొలం పట్టా మాత్రం మగవాళ్ల పేరున వచ్చింది. ఎడారిని పండించారని శాలువాలూ వాళ్లకే కప్పారు. పోనీలే అని ఎన్నిసార్లు అనుకున్నానో.

"బామ్మగారు ఉన్నారా ఇందులో?"

"ఎందుకు లేదు? ఇదిగో, ఈ చివర తట్టతో. మా ఇంటిదే."

బావగారు హుక్కా పక్కన పెట్టి తొంగిచూశారు. "అవున్రా, నీ పెళ్లామే. ఆ నిలబడ్డ తీరు చూస్తే తెలియట్లా."

అది నేను కాదు. జీవణి అక్క, నా తోటికోడలు, ఆ బావగారి భార్యే. ఆ రోజు పొద్దున ఇసక తోడుతుండగానే నాకు కడుపు పోయింది. అక్కే నన్ను గుడిసె వెనక పడుకోబెట్టి గోనెపట్టా కప్పింది. "ఎవరితోనూ అనకు, నీళ్లొచ్చే రోజు అపశకునం అంటారు. నీ తట్ట నేను మోస్తాలే" అని వెళ్లింది. అటు డోళ్లు మోగుతుంటే ఇటు నేను కొంగు నోట్లో కుక్కుకున్నాను. సాయంత్రం చెబితే మా ఆయన, "ఇవాళే కావాల్సొచ్చిందా నీకు?" అన్నాడు. మరుసటి ఎండాకాలం అదే కాలవలో పూడిక తీస్తూ అక్క పాము కరిచి పోయింది. ఆమె గుర్తుగా మిగిలింది ఈ ఒక్క ఫోటో. కట్టుకున్నవాడే ఆమెని పోల్చుకోలేక తలూపుతున్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

"బామ్మగారి పేరేంటి?" అంది ఆ పిల్ల.

"పేరెందుకు, మా అబ్బాయి పేరు పెట్టి మహేంద్ర వాళ్లమ్మ అని రాయి, చాలు."

ముసుగు వెనక్కి తీసి ముందుకొచ్చాను.

"రాయకమ్మా. ఆవిడ పేరు జీవణి. ఈ బావగారి భార్య. నేను ఆ ఫోటోలో లేను."

బావగారు మొదటిసారి నా మొహం చూశారు. నేల చూపులు చూసింది ఆయనే.

"ఏమే, పెద్దల ముందు ఏంటా వాగుడు? లోపలికి పో," అన్నాడు మా ఆయన.

"పోతాను. తల్లీ, నీళ్లొచ్చిన రోజు నేనెక్కడున్నానో మా ఆయన్ని అడిగి రాసుకో."

ఆ పిల్ల కలం పట్టుకుని ఆయన వైపు తిరిగి, నిజంగానే అడిగింది.